అగ్గువ టికెట్టూ, ప్రస్థానం మూటా

ఫలితం మీద ఆశ పెట్టుకోకుండా పని చేయమని పెద్దలు చెప్పారు. వాళ్లు చెప్పి ఊరుకున్నారు. నా చేత చేయించినవి విమాన కంపెనీలు!

నవ్వకండి, నేను మాట్లాడుతున్నది సీరియస్ విషయం. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద దేవిదాస్ ట్రావెల్స్ అని ఒక షట్టర్ ఉంది. దానికి ఓనరు, మేనేజరు, పొద్దున్నే ఊడ్చి నీళ్లు చల్లే మనిషి అన్నీ నేనే. పదిహేనేళ్లుగా ఈ జిల్లా జనాన్ని దుబాయికి, మస్కట్‌కి, బహ్రెయిన్‌కి పంపుతున్నాను. నేను మాత్రం ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా?

ఇంత అనుభవంతో చెబుతున్నాను, రాసుకోండి. ఇంటర్నెట్‌లో అగ్గువ టికెట్లు రావడం, ఏజెంటు కమిషన్ సున్నా కావడం, ఈ రెండూ నా బతుకులో కలిగిన గొప్ప వరాలు. అవతలి జిల్లాల పాఠకుల కోసం ఒక మాట. అగ్గువ అంటే చవక. పిరం అంటే ఖరీదు. ఈ రెండు మాటలు నేర్చుకుంటే మా నిజామాబాద్‌లో ఎన్నాళ్లయినా బతికెయ్యొచ్చు.

మొదట్లో నేను టికెట్ కొడితే కంపెనీ వందకు తొమ్మిది ఇచ్చేది. ఆ రోజుల్లోనే ఈ షట్టర్ కొన్నాను. తర్వాత ఏడన్నారు, బాధ కలిగింది. ఐదన్నారు, అలవాటైంది. ఆఖరికి సున్నా అన్నారు. అబ్బ, మనసు ఎంత తేలికైందని! ఐదు ఉన్నన్నాళ్లూ అది మూడవుతుందేమోనని బెంగ. సున్నాకు బెంగేమిటి? ఇంకా కొయ్యాలంటే కంపెనీవాళ్లు వచ్చి నా చొక్కా విప్పుకుపోవాలి.

పరువు కూడా పెరిగింది. మా జిల్లాలో ఏజెంటు అనేది వృత్తి కాదు, తిట్టు. దొంగ వీసాలు అంటగట్టి పారిపోయిన ప్రతివాడూ ఏజెంటే. పేపర్లో 'గల్ఫ్ ఏజెంట్ మోసం' అని పడ్డ రోజల్లా మా అత్త గంగుబాయి నా వైపు అదోలా చూసేది. నేను వీసాలు అమ్మను, టికెట్లే అమ్ముతాను అని ఎన్నిసార్లు చెప్పినా, "అయితే నువ్వు చిన్న ఏజెంటువా?" అనేది. ఇప్పుడు ఆ గొడవే లేదు. పైసా తినని ఏజెంటు దేశంలో ఎక్కడైనా ఉన్నాడా? మా ఇంట్లో ఉన్నాడు. ఆవిడ గర్వంగా చూస్తోంది. జాలేమో అని ఒకటి రెండుసార్లు అనుమానం కలిగింది గానీ, గర్వమే అయివుంటుంది.

ఇక అగ్గువ టికెట్ సంగతి. 'రూపాయికే విమానం' అని పేపర్లో పేజీ నిండా వేస్తారు. అబద్ధమా? ఎంతమాత్రం కాదు. టికెట్ రూపాయే. ఇంధనానికి వేరే, ఎయిర్‌పోర్టుకు వేరే, పన్నుకు వేరే, కిటికీకి వేరే, దాహమైతే వేరే. పెళ్లిభోజనం ఉచితమని పిలిచి, విస్తరాకుకు, చాపకు, చెయ్యి కడుక్కునే నీళ్లకు వసూలు చేసినట్టు. భోజనమైతే ఉచితమే కదా!

ఇందులో ఉన్న తెలివి చూడండి. కమిషన్ లెక్క కట్టేది అసలు టికెట్ ధర మీద, మిగతా చార్జీల మీద కాదు. రూపాయిలో ఐదు శాతం ఎంత? ఐదు పైసలు. ఆ బిళ్ల బజార్లో చెల్లడం మానేసి ఎన్నాళ్లయింది? అంటే కంపెనీ సున్నా అనకముందే నాది సున్నా అయిపోయింది. తర్వాత వాళ్లు మర్యాదకు చెప్పారు, అంతే.

ధర గంటకోసారి మారుతుందని కొందరు గొణుగుతారు. మా పసుపు రైతు గొణగడు, అతనికి ఇది పాత విద్య. మార్కెట్ యార్డులో అతను చూస్తుండగానే పసుపు ధర దిగుతుంది, కంప్యూటర్ ముందు కూర్చుంటే చూస్తుండగానే టికెట్ ధర ఎక్కుతుంది. తేడా అంతే. ఒకే వరుసలో ముగ్గురు కూర్చుంటే ముగ్గురిదీ మూడు ధరలు. ఒకడు రెండు నెలల ముందు కొన్నాడు, ఒకడు వారం ముందు, ఒకడు తల్లి చనిపోయిందని నిన్న కొన్నాడు. ఏడుస్తూ వచ్చినవాడికే అన్నిటికన్నా పిరం! కష్టంలో ఉన్నవాడు ధర అడగడని కంప్యూటర్‌కు ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు.

ఈ సిద్ధాంతం మా ఇంటావిడ గోదావరికి వివరించాను. ఆమె చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ విన్నది.

"గిట్లనే బోధన్ బస్సుల జేస్తే కండక్టర్‌ను గుంజి కొడ్తరు," అన్నది.

ఆవిడకు ఆధునిక వాణిజ్యం తెలియదు. తెలిసింది బీడీలే. అయినా చర్చ ఆపలేదు.

"నాకు వెయ్యి బీడీలకు ఇంత అని ఇస్తరు. బాగలేవని గుప్పెడు తీసి అవతల వారేస్తరు గని, మిగిలినయాటికైతే ఇస్తరు గదా. నువ్వు వెయ్యి టికెట్లు గొడితే ఏమిస్తరు?"

"సున్నా."

"మరి గా సున్నాను పొయ్యి మీద వెట్టాల్నా?" చేతిలో ఆకు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "దసరా దాకా సూస్త. గప్పటికి ఇల్లు నడవకుంటే దుకాణం ఆత్మారాంకు అమ్మెయ్. గాయన అడుగుతనే ఉన్నడు."

ఆత్మారాం మా పక్క షట్టర్ కుర్రాడు, ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాడు. మంచివాడు. నా గిరాకీ అంతా ఆయన దగ్గరికే వెళుతుందన్న మాటే గానీ, ఎదురైతే నమస్తే పెట్టకుండా పోడు. ఆయన దగ్గర నాలుగు కంప్యూటర్లు, వాటి మీద నాలుగు ప్లాస్టిక్ తొడుగులు. నా గోడ కూలగొడితే ఇంకో నాలుగు పడతాయని ఆయనకు ఆశ.

దుకాణం అమ్మడమా! నాకు కోపం వచ్చింది. ఆ షట్టర్ ఎత్తిన చప్పుడు వినకపోతే నాకు తెల్లవారినట్టే ఉండదు. కానీ కోపం పైకి చూపలేదు. వరాలు పొందినవాడు కోప్పడకూడదు.

కంపెనీలు మమ్మల్ని పూర్తిగా గాలికి వదిలేశాయనుకునేరు, ఉపాయం కూడా చెప్పాయి. మేం ఇవ్వం, మీరు ప్రయాణికుడి దగ్గరే సర్వీస్ చార్జీ తీసుకోండి అన్నాయి. సరే అని ఒకాయనను వంద అడిగాను. "గిదేంది, టికెట్ మీద లేదు గదా?" అన్నాడు. టికెట్ మీద లేనిదే నా కూలి అన్నాను. నా మొహం వైపు చూసి, యాభై ఇచ్చి, పోయేటప్పుడు అందులో ఇరవై వెనక్కి అడిగాడు. అదే మనిషి పక్క షట్టర్‌లో కంప్యూటర్ రెండు వందలు కన్వీనియెన్స్ ఫీజు అంటే కిమ్మనకుండా కట్టాడు. ఎందుకో తెలుసా? కంప్యూటర్‌కు మొహం లేదు. బేరం చెయ్యాలంటే ఎదుట ఒక మొహం ఉండాలి. నా దురదృష్టం, నాకు పుట్టుకతోనే ఒకటుంది.

అగ్గువ వల్ల జ్ఞానం కూడా పెరుగుతుంది. బోధన్ అవతల చెరుకు పండించే బాపురావు గారు నాకు పాత పరిచయం. చెరుకు బండి తోలుకుని ఫ్యాక్టరీ దాకా పోవడమే ఆయనకు దూరప్రయాణం. అలాంటి మనిషి ఒకరోజు కోయంబత్తూరు వెళ్లొచ్చాడు.

"అక్కడేం పని పటేలా?" అని అడిగాను.

"పనేముంటది? అగ్గువకు దొరికింది. పోయిన, ఇడ్లీ తిన్న, వచ్చిన."

"వచ్చేటప్పుడు కూడా విమానమేనా?"

"ఏడిది? గది పిరం ఉండె. రైళ్ల వచ్చిన, రెండు దినాలు వట్టింది. కూసునేతందుకు జాగ గూడ లేకుండె."

చూశారా! ఇంటర్నెట్ లేకపోతే ఈయన జన్మలో కోయంబత్తూరు చూసేవాడా? కోయంబత్తూరువాళ్లు మాత్రం ఈయనను చూసేవారా?

అన్నిటికన్నా పెద్ద లాభం, నా దుకాణానికి జనం పెరిగారు. ఇదివరకు నా దగ్గర టికెట్ కొన్నవాళ్లే వచ్చేవారు. ఇప్పుడు ఇతర చోట్ల కొన్నవాళ్లందరూ నా దగ్గరికే వస్తున్నారు! బాల్కొండ నుంచి ఒకాయన కాగితం తెచ్చి, విమానం పగలా రాత్రా చెప్పమంటాడు. ఇంకొకాయన సూట్‌కేసు తెచ్చి నా తరాజు మీద తూయిస్తాడు. కిలో ఎక్కువైతే మామిడికాయ తొక్కు డబ్బా తీసి నా బల్ల మీద పెట్టి, ఇంటికి పంపించమంటాడు. సిరికొండ చిన్నయ్య సొంతంగా టికెట్ చేసుకున్నాడు. ఫస్ట్ నేమ్ అని అడిగితే ఇంటిపేరు కొట్టాడు. తప్పేముంది? మనకు ఫస్ట్ వచ్చేది ఇంటిపేరే కదా! పాస్‌పోర్ట్‌లో ఒకటి, టికెట్‌లో ఒకటి అయ్యేసరికి లబలబలాడుతూ నా దగ్గరికి వచ్చాడు. కంపెనీకి ఫోన్లు చేసి, బతిమాలి, సరిచేయించాను. ఫోన్ బిల్లు నాదే. వెళ్తూ వెళ్తూ, "నెట్‌ల అగ్గువ ఉన్నదన్నా, నువ్వు గూడ గండ్లనే కొనుక్కో" అని హితబోధ చేసి పోయాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంటర్నెట్ గొప్పతనం దాని ధరల్లో లేదు, దాని పంచాంగ పరిజ్ఞానంలో ఉంది.

మావాళ్లు మంగళవారం ప్రయాణం కట్టరు. మరి నెట్‌లో ఏ రోజు టికెట్ అగ్గువ? మంగళవారం! ఎక్కడో సముద్రం అవతల ఉన్న యంత్రం మన వారశూలలు చూస్తోందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అగ్గువ కావాలి, మంగళవారం వద్దు. ఈ చిక్కుకు మన పెద్దలు విమానం పుట్టకముందే విరుగుడు కనిపెట్టారు. దాని పేరు ప్రస్థానం. ప్రయాణం చెడ్డరోజున పడితే, ముందటి మంచిరోజున ఒక మూట కట్టి, అందులో బట్ట, బియ్యం, పసుపుకొమ్ము వేసి, వేరేవాళ్లింట్లో పెడతారు. మూట గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. మర్నాడు పోతూ పోతూ ఆ మూట తీసుకుపోతారు. ఒక్కటే షరతు, మూట పెట్టే చోటు తమది కాకూడదు. పరాయి చోటే కావాలి.

పదిహేనేళ్లుగా ఈ జిల్లా ప్రస్థానాలకు పరాయి చోటు నా దుకాణమే. టికెట్ తీసుకున్న చోటే మూట పెట్టడం ఆనవాయితీ అయిపోయింది. కుర్చీ వెనక మూల దానికోసమే వదిలాను. ఈ పనికి ఏ కంపెనీ నాకు కమిషన్ ఇవ్వలేదు. అందుకే అది తగ్గలేదు కూడా.

వేల్పూర్ వెంకటవ్వ కొడుకు లింబయ్య మస్కట్‌లో పనిచేస్తాడు. ఆ ఇంటి టికెట్లన్నీ ఎప్పుడూ నావే. ఈసారి సెలవు మీద వచ్చిన లింబయ్య బుధవారం లోపల మస్కట్‌లో దిగకపోతే వీసా చెల్లదు, నౌకరి పోతుంది. మంచి టికెట్టే చేయించుకుంటాడు, దసరా ముందు నాకూ నాలుగు రూపాయలు వస్తాయి అని ఎదురుచూశాను. లింబయ్య వచ్చాడు. వెంట ఆయన బావ రామ్‌దాస్ ఉన్నాడు, డిగ్రీ చదివినవాడు. ఇద్దరూ నా షట్టర్ దాటి పక్క షట్టర్‌లోకి పోయారు. నేను పేపర్ చదువుతున్నట్టు కూర్చున్నాను. పేపర్ తిరగేసి పట్టుకున్నానని తర్వాత చూసుకున్నాను.

టికెట్ మంగళవారానికి చేశారు, అగ్గువ కనుక.

సోమవారం వెంకటవ్వ మూటతో దిగింది. అలవాటు కొద్దీ నా గడపలోకి అడుగు పెట్టింది.

"గీడ గాదు అత్తా," అని రామ్‌దాస్ రెక్క పట్టుకుని ఆపాడు. "టికెట్ పక్కపొంటి కొన్నం."

"గట్లనా? మరి టికెట్ కొన్న కాడనే పస్తానం వెట్టాలె గద. నడువు, గా నెట్లనే వెడదాం."

నెట్‌లోనే పెట్టారు! మూడో కంప్యూటర్ కింద మూట పెట్టి, ఆ డబ్బాకు దండం కూడా పెట్టింది. ఆత్మారాంకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు గానీ, గిరాకీ చేసే పనికి అడ్డు చెప్పకూడదని ఊరుకున్నాడు. నేను గడపలో నిలబడి చూశాను. నా మూల ఖాళీగా ఉంది. నిజం చెప్పొద్దూ, కమిషన్ పోయినప్పుడు కూడా నాకు అంత కష్టం కలగలేదు.

మంగళవారం మధ్యాహ్నం జీపు వచ్చి ఆగింది. ఇంటర్నెట్‌కు తాళం వేసి ఉంది!

ఆత్మారాం ధర్మాబాద్‌లో అత్తగారింటికి పోయాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. బాసర దాటితే మహారాష్ట్ర, మహారాష్ట్ర అంటే రోమింగ్ చార్జీ. ఆత్మారాం కూడా అగ్గువ మనిషే కదా, ఫోన్ ఆపేశాడు.

"మూటకేముంది, తర్వాత తీస్కుందాం, నడువు బావా," అని రామ్‌దాస్ తొందరపెట్టాడు.

లింబయ్య జేబులు తడుముకున్నాడు. మళ్లీ తడుముకున్నాడు. "అవ్వా, పాస్‌పోర్ట్ ఏడ వెట్టినవ్?"

"మూటల వెట్టిన."

"మూటలెందుకు వెట్టినవే?"

"నీ మొకం ఉన్నది గద బిడ్డా అండ్ల! ఉత్త బియ్యం, బట్ట వోతే ఎవలు వోయినట్టు? మొకం ఉంటేనే నువ్వు ఎల్లినట్టు."

ఆ ముసలమ్మ మాటలో తప్పు ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

లింబయ్య షట్టర్ ముందు మెట్టు మీద కూలబడ్డాడు. "నా నౌకరి వాయె," అన్నాడు. అంత పెద్ద మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడారిలో ఎండకు నల్లబడ్డ చేతులతో మొహం కప్పుకున్నాడు.

రామ్‌దాస్ ఊరుకోలేదు, కంపెనీకి ఫోన్ చేశాడు. ఒకటి నొక్కమంటే ఒకటి నొక్కాడు. రెండు నొక్కమంటే రెండు నొక్కాడు. తమకు మీ కాల్ ఎంతో విలువైనదని ఒకావిడ ఇంగ్లీషులో తియ్యగా చెబుతోంది.

"ఎవలామె?" అన్నది వెంకటవ్వ. "మంచిగ మాట్లాడుతున్నది. తాళంచెవి ఆమె కాడ ఉన్నదేమో అడుగు."

ఆవిడ దగ్గర తాళంచెవి లేదు. ఆవిడ పాట మొదలుపెట్టింది. అప్పుడు అందరూ తలలు తిప్పి నా వైపు చూశారు.

పాఠకులారా, నేనేమైనా అనవచ్చు కదా? మీ టికెట్‌కూ నాకూ సంబంధం లేదనవచ్చు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనవచ్చు. ఇంత మంచి అవకాశం మళ్లీ వస్తుందా? కానీ నాకు పద్ధతి తెలియదు. ఆటో పిలిచి, కంఠేశ్వర్‌లో ఆత్మారాం ఇంటికి పోయాను.

వాళ్లమ్మ చంద్రవ్వ కొంగుకు ఇంకో తాళంచెవి వేలాడుతోంది. విషయం చెప్పాను.

"మంగళారం నాడు ఇంట్ల వస్తువ బయటికియ్య," అన్నది చంద్రవ్వ.

చెప్పాను కదా, ఇంటర్నెట్ అయినా, దాని తాళంచెవి అయినా, మా జిల్లాలో పంచాంగం ప్రకారమే నడవాలి.

"అవ్వా, పిలగాని నౌకరి వోతది. నీకు దండం వెడత," అన్నాను. నా భాష కూడా మారిపోయింది.

ఆమె లేచి కొంగు సర్దుకుంది. "నౌకరి వోతదా? అయ్యో! మరి నేనే వస్త నడువు. చెవి నా కొంగుకే ఉంటది. ఇచ్చినట్టు గాదు."

ఆటోలో వచ్చింది. తాళం షట్టర్ కింద నేలకు ఆనుకుని ఉంటుంది. కొంగు విప్పితే ఇచ్చినట్టవుతుందని ఆమె విప్పలేదు. బోధన్ రోడ్డు మీద అందరూ చూస్తుండగా నేల మీద చతికిలబడి, కొంగుతో సహా తాళంచెవి తాళంలో దూర్చి తిప్పింది. షట్టర్ నేను ఎత్తాను. చప్పుడు నా షట్టర్ చప్పుడులాగే ఉంది.

మూట వచ్చింది, మూటలో మొహం వచ్చింది. లింబయ్య నా రెండు చేతులూ పట్టుకున్నాడు. రామ్‌దాస్ థ్యాంక్స్ చెప్పాడు. వెంకటవ్వ జీపు ఎక్కబోతూ వెనక్కి వచ్చింది.

"నీ చెయ్యి మంచిది బిడ్డా. మళ్లోసారి మూట నీ కాడనే వెడత."

"మరి టికెట్ అవ్వా?"

"టికెట్ ఏడ అగ్గువుంటే గాడ కొంటం. మూట గట్ల గాదు గద! నమ్మకమున్న కాడ వెట్టాలె."

జీపు శంషాబాద్ వైపు పోయింది. చంద్రవ్వను మళ్లీ ఆటోలో ఇంటి దగ్గర దింపి వచ్చాను. ఆటో కిరాయి గురించి అడక్కండి, మంచి రోజున అలాంటివి మాట్లాడకూడదు. మంగళవారమైనా మంచి రోజే.

ఇంటికొచ్చి అంతా చెబితే గోదావరి బీడీల చేట పక్కన పెట్టి విన్నది. తిట్టలేదు. "మంచి పని జేసినవ్," అన్నది. చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, "దసరా దగ్గరకొచ్చింది," అన్నది. ఆ రెండో మాట చాలా నెమ్మదిగా అన్నది.

వారం తర్వాత మస్కట్ నుంచి లింబయ్య ఫోన్ చేశాడు. "అన్నా, మా క్యాంపుల స్టోర్ సూసుకునేటాయన వెళ్లిపోయిండు. నమ్మకమున్న మనిషి గావాలంటుండ్రు. నీకు వీసా వంపియ్యాల్నా?"

నమ్మకానికి విలువ లేదని ఎవరన్నారు? ఉంది. కాకపోతే మస్కట్‌లో ఉంది, నిజామాబాద్‌లో చెల్లదు.

దసరా వచ్చింది. ఆత్మారాం నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, అలాయ్ బలాయ్ అని కౌగలించుకున్నాడు. నేను ఆయన చేతిలో నా షట్టర్ తాళంచెవి పెట్టాను. జమ్మిని మేం బంగారం అంటాం కాబట్టి, ఇచ్చిపుచ్చుకోవడంలో నాకేం నష్టం లేదు. గోడ మర్నాడే కూలగొట్టారు. దేవిదాస్ ట్రావెల్స్ బోర్డు ఇంటికి తెచ్చుకున్నాను. గోదావరి దాన్ని గోడకు ఆనించి, మీద పాత దుప్పటి కప్పింది.

లింబయ్య పంపిన వీసా వచ్చింది. మస్కట్ టికెట్ మాత్రం నేను నెట్‌లోనే చేయించుకున్నాను. ఏ రోజు అగ్గువో మీకు వేరే చెప్పాలా? ప్రింటుకు పది రూపాయలన్నాడు ఆత్మారాం దగ్గర పనిచేసే మనిషి. "గిదేంది, టికెట్ మీద లేదు గదా?" అన్నాను. ఆయన నా మొహం వైపు చూశాడు. పది ఇచ్చేసి బయటికి వచ్చాను.

రేపు మంగళవారం. నిన్న రాత్రే గోదావరి మూట కట్టింది, బట్ట, బియ్యం, పసుపుకొమ్ము. వెంకటవ్వ సంగతి తెలుసు కనుక పాస్‌పోర్ట్ నా జేబులో ఉంచి, నా పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఒకటి బియ్యంలో పెట్టింది. ముడి వేసేటప్పుడు అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. నేను చూడనట్టు జేబులో పాస్‌పోర్ట్ తడుముకున్నాను.

పొద్దున మూట చంకన పెట్టుకుని గడప దిగాక గానీ చిక్కు తెలిసి రాలేదు. ఇంత జిల్లా మూటలూ నా దుకాణంలోనే ఉండేవి, మరి నా మూట ఎక్కడ పెట్టాలి? పరాయి చోటు కావాలి కదా! కాళ్లు మాత్రం అలవాటు కొద్దీ బోధన్ రోడ్డుకే తీసుకుపోయాయి. కొత్త కంప్యూటర్ల వెనక నా పాత మూల ఇంకా ఖాళీగానే ఉంది. ఆత్మారాం ఏమీ అడగకుండా జరిగి చోటిచ్చాడు. మూట అక్కడ పెట్టి, దండం పెట్టుకుని వచ్చి ఇది రాస్తున్నాను.

ఇప్పటికైనా ఒప్పుకుంటారా, కమిషన్ సున్నా కావడం వరమని? అదే కాకపోతే ఆ దుకాణం ఇంకా నాదే అయ్యుండేది. అప్పుడు నా మూట ఎక్కడ పెట్టుకునేవాణ్ని, చెప్పండి!